పట్టాలో లేని తోట

ఎస్టేట్ల అమ్మకం ప్రకటనలు చదవడం నాకో వింత అలవాటు. లైబ్రరీలో విదేశీ పత్రికలు తిరగేస్తుంటే కనబడతాయి. ఫలానా ఆర్కిటెక్ట్ గీసిన ఇల్లు, ఇన్ని ఎకరాల తోట, ఇంత ధర. గీసినవాడి పేరు ఉంటుంది, అమ్మేవాడి పేరు ఉంటుంది. ఆ తోటకు నీళ్లు పోసిందెవరో మాత్రం ఎక్కడా ఉండదు. చదివిన ప్రతిసారీ నాకు శక్కర్‌నగర్ గుర్తొస్తుంది.

బోధన్‌ను ఆనుకుని నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరది. నేను పుట్టి పెరిగిందక్కడే. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లతో చెరుకు పండింది, 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. దానికి సొంతంగా వేల ఎకరాల చెరుకు ఫారాలు, ఆఫీసర్లకు చెట్ల మధ్య బంగళాలు, మాలాంటివాళ్లకు వరస క్వార్టర్లు. ఆనకట్ట కట్టిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు జూలై 11ని తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకుంటాం. జరుపుకోవాలి కూడా. చెరుకు ముక్కలు నాటి, కలుపు తీసి, ఆకు గీరుకుపోయిన చేతులతో సాయంత్రం ఇళ్లకు పోయే ఆడవాళ్లకు ఏ దినమూ లేదు.

బాపు సీజన్లో షిఫ్టులు చేసేవాడు. ఊరంతా మొలాసిస్ వాసన. మా రెండు గదుల వెనక రాళ్లు తేలిన కొంచెం నేల ఉండేది. అమ్మ ఆ రాళ్లేరి, పొయ్యి బూడిద కలిపి, గిన్నెలు కడిగిన నీళ్లు మళ్లించి తోట చేసింది. జాంచెట్టు, నిమ్మ, కాకర పందిరి, గోడవారన మల్లె. కూరగాయలు కొన్న రోజులు తక్కువ. బాపు జీతంలో మిగిలిందనుకున్న డబ్బు నిజానికి ఆ పెరట్లో కాసింది. ఆ లెక్క మా ఇంట్లో ఎవరమూ వేయలేదు, చదువుకున్న నేను కూడా. బాపు రిటైరయ్యాక క్వార్టర్ అప్పజెప్పి నిజామాబాద్ వచ్చేశాం.

ఆ ఎస్టేట్ స్వర్గమని నేననను. బంగళాల పచ్చికలో మేం ఆడుకోగలిగేవాళ్లం కాదు. అక్కడ గడ్డి పీకడానికి మాత్రం మా వీధి ఆడవాళ్లు పోయేవాళ్లు.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. ఫారం భూములు చేతులు మారాయి. ఆస్తి ఎంత, వచ్చిందెంత అని ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 2015 డిసెంబర్లో లేఆఫ్ నోటీసు అంటించారు, 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. ధర్నాలకు నేనూ వెళ్లాను. ఎకరాలు, యంత్రాలు, బకాయిలు, రైతులు, కార్మికులు అన్నీ మాట్లాడుకున్నాం. కార్మికుల కుటుంబాలు అన్నాం. ఆ మాటతో ఆడవాళ్ల సంగతి అయిపోయిందనుకున్నాం.

తర్వాతెప్పుడో ఈ-1027 అనే ఇంటి గురించి చదివాను. ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున 1926-29 మధ్య ఐలీన్ గ్రే అనే ఐరిష్ స్త్రీ కట్టిన ఇల్లు. కాగితాల్లో అది ఆమె సహచరుడు జాన్ బదోవిచిది. విడిపోయాక ఆమె వదిలేసి పోయింది. తర్వాత లె కొర్బూజియే వచ్చి, ఆమెను అడక్కుండానే దాని గోడల మీద బొమ్మలు వేశాడు. చాలాకాలం ఆ ఇల్లు ఆమెదన్న సంగతే మరుగున పడిపోయింది. గీయడం వచ్చిన, డబ్బున్న ఆవిడ గతే అది!

అమ్మకు ఈ కథ చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, “ఆమె మల్ల ఇల్లు కట్టుకున్నదా?” అంది.

కట్టుకుంది, తన పేరు మీదే కట్టుకుంది అన్నాను.

“గట్లయితె మంచిదే బిడ్డా.”

ఫ్యాక్టరీ మూతపడిన మరుసటి ఏడు ఇద్దరం శక్కర్‌నగర్ పోయాం. మా క్వార్టర్లో వేరేవాళ్లున్నారు. ఆ ఇంటామె “రా అక్కా” అని పెరట్లోకి తీసుకుపోయింది. నిమ్మ లేదు. జాంచెట్టు ఎండిపోయి ఒక్క కొమ్మ మాత్రం చిగురేసింది. మల్లె గోడెక్కి అవతలికి పాకింది. “ఇది నేను పెట్టిందే,” అని అమ్మ అనలేదు. అంటుందని నేను ఎదురుచూశాను. “నీళ్లు నువ్వే పోస్తున్నవా?” అని మాత్రం అడిగింది. ఆమె తలూపితే, “ఓ కొమ్మ ఇయ్యరాదు చెల్లే,” అంది.

తడిగుడ్డలో చుట్టిన ఆ కొమ్మ బస్సులో అమ్మ ఒళ్లోనే ఉంది. ఇప్పుడు మా బాల్కనీ కుండీలో పూస్తోంది. ఈ ఫ్లాట్ కిస్తీలు ఇద్దరి జీతాల్లోంచీ కట్టాం. రిజిస్ట్రేషన్ ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది, ఆ రోజు సంతకం పెట్టడానికి నాకు సెలవు దొరకలేదు. మొన్న నా పేరు కూడా చేర్పిద్దామన్నాను.

“ఇప్పుడెందుకు?” అన్నారు ఆయన.

ఎందుకో చెప్పడం మొదలుపెట్టాను.