గిరాకీ ముందా, పెట్టుబడి ముందా?

తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి కంపెనీల సంగతి ఎవరూ అడగరు. అడిగితే మా అక్కే అడగాలి. ఆమె దృష్టిలో కాలేజీలో పాఠం చెప్పేవాడికి తెలియనిది ఉండదు.

పోయిన సంక్రాంతి సెలవులకు మేడిపల్లి వెళ్ళాను. అక్క సందూక తెరిచి భూమి పాసుపుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"తమ్మీ, పిలగాడు ఈ ఎకరం అమ్మి కంపెనీ పెడ్తనంటున్నడు. నువ్వు మంచిదంటే అమ్ముత."

పిలగాడంటే నా మేనల్లుడు. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం వెలగబెట్టి వచ్చాడు. మా వైపు పసుపు పండిస్తారు కదా. తవ్విన కొమ్ములను ఉడికించాలి, ఎండబెట్టాలి, పాలిషు పట్టించాలి. ఉడికించే యంత్రం అందరికీ ఉండదు. అద్దెకు తెచ్చుకోవాలి, దానికోసం వంతు కాయాలి. ఆ వంతు ఫోనులోనే రాయించుకునే యాప్ తయారు చేస్తానంటాడు వాడు. ఆలోచన నాకూ నచ్చింది.

"ఇంతవరకు ఎందరు రైతులు పైసలిచ్చి వంతు రాయించుకున్నార్రా?" అన్నాను.

"యాప్ కాకముందే ఎట్ల రాయించుకుంటరు మామా?"

ఈ జవాబు నేనెక్కడో విన్నాను. వినడమేమిటి, నేనే చెప్పాను! ఇరవై ఏళ్ళ కిందట ఇద్దరు మిత్రులతో కలిసి జగిత్యాలలో ట్యుటోరియల్ పెట్టాను. ఇల్లు అద్దెకు తీసుకున్నాం. బల్లలు చేయించాం. బోర్డుమీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో మూడు రోజులు వాదించుకున్నాం. పిల్లల్ని పంపుతారా అని ఒక్క తండ్రినైనా అడగలేదు. ఏడాది తిరక్కుండా మూసేశాం. ఆ బల్లలు అక్క మెడలోని గొలుసు. తాకట్టు పెట్టి ఇచ్చింది, నేను విడిపించలేకపోయాను. ఈనాటికీ ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది.

"రెడ్‌బస్ వాళ్ళకు పెట్టుబడి దొరకలేదా?" అన్నాడు మేనల్లుడు.

ఆ కథ అందరూ రెండు కొసలు పట్టుకుని చెబుతారు. నిజామాబాదు జిల్లావాడైన ఫణీంద్ర సామకు 2005 దీపావళికి బెంగుళూరునుంచి ఇంటికి రావడానికి బస్సులో సీటు దొరకలేదు. ఆయన, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు కలిసి పెట్టిన సంస్థను 2013లో ఐబిబో కొన్నది. నాకు ఇష్టమైనది నడిమి భాగం. ముందు వాళ్ళు బస్సుల యజమానులకోసం సాఫ్టువేరు రాశారు. ఊరికే ఇస్తామన్నా ఎవరూ పుచ్చుకోలేదు. అప్పుడు ప్రయాణికుల దగ్గరికే పోయారు. పెద్ద పెద్ద ఆఫీసుల ముందు నిలబడి కార్డులు పంచారు. టికెట్లు అమ్మడం 2006లో మొదలైంది. సీడ్‌ఫండ్ పెట్టుబడి వచ్చింది 2007లో. ఏది ముందో, ఏది వెనకో చూడండి.

అక్కకు వెంచర్ క్యాపిటల్ అంటే ఏమిటో చెప్పవలసి వచ్చింది. నా నిఘంటువులేవీ అక్కరకు రాలేదు. చివరకు దూడను పాలుకివ్వడం గుర్తొచ్చింది. (తాగే పాలు కాదు, వాటా.) దూడ చస్తే ఇచ్చినవాడికి దూడ పోయింది, పెంచినవాడికి చాకిరీ పోయింది, వడ్డీ మాట లేదు. బతికి ఈనితే చెరిసగం. అయితే ఈ పట్నం ఆసామి ఒక ఈతతో తృప్తిపడడు. పది దూడల్లో చాలావరకు చచ్చినా సరే, ఒక్కటి మాత్రం మంద కావాలంటాడు. మంద కాలేని దూడ అయితే అతని గుమ్మం తొక్కడమే దండుగ.

అక్క అంతా విన్నది. "మరి నా ఎకరం పెడితే అది పాలా, అప్పా?"

నేను తలవంచుకున్నాను. గొలుసు పాలూ కాలేదు, అప్పూ కాలేదు.

ఆ సీజనుకు భూమి ముట్టుకోవద్దని, ఒక నోటుబుక్కు, ఉన్న ఫోనుతో మొదలుపెట్టమని వాణ్ణి ఒప్పించాను. వంతుకు నూరు రూపాయలు. మొహం ముడుచుకునే ఊళ్ళు తిరిగాడు. పదిహేడు మంది రాయించుకున్నారు. ఒకరోజు ఒక రైతుకు చెప్పిన యంత్రం రాలేదు. కూలీలు వచ్చి కూర్చున్నారు, కట్టెలు పేర్చి ఉన్నాయి. ఆ రైతు తిట్టిన తిట్లకు వ్యాకరణం నాకు కూడా తెలియదు! మావాడు కూలీల నాటి కూలి తన జేబునుంచి ఇచ్చి, నూరూ తిరిగి ఇచ్చేసి, రాత్రికి రాత్రి పక్క ఊరి యంత్రాన్ని బతిమాలి తెచ్చాడు. వారం తిరగకుండా ఆ రైతే తన బావమరిదిని పంపాడు.

"వాళ్ళకు వంతు తెలుసుడు కాదు మామా, చెప్పిన దినం బండి వచ్చుడు కావాలె," అన్నాడు వాడు ఫోనులో. యాప్ మాట ఆ రోజు తీయనేలేదు.

ఇప్పుడు ఆ నోటుబుక్కు సంచిలో పెట్టుకుని హైదరాబాదులోని టీ-హబ్‌కు పోతున్నాడు. 2015లో మొదలైన ఆ సంస్థలో ఇట్లాంటివాళ్ళ మాట వినేవారు ఉంటారట. పెట్టుబడి పెట్టేవాడు దొరుకుతాడో లేదో! పదిహేడు పేర్లు చూసి నవ్వినా నవ్వవచ్చు. వాణ్ణి బస్సెక్కించి ఇంటికి వచ్చేసరికి అక్క పాసుపుస్తకం మళ్ళీ సందూకలో పెడుతున్నది. అడుగున గొలుసు పెట్టుకునే చిన్న డబ్బా కనిపించింది. ఆమె నా వైపు చూడలేదు. నేనూ ఏమీ అనలేదు.