ప్రతిపదార్థం

మా బాబాయి కొడుకు కారు ఇంజన్ నావల్ల పోయింది. ఆరేళ్ళయింది. మా పిన్నికి మాత్రం "లోపల ఏదో పార్టు విరిగిందంట" అని చెప్పి ఊరుకున్నాం. అబద్ధమేం కాదు, నిజంగానే ఒక పార్టు విరిగింది. ఎందుకు విరిగిందో చెప్పాలంటే మాత్రం, నేను ఒక పట్టికకి తప్పు పేరు పెట్టాను అని చెప్పాలి. పేరు తప్పయితే ఇంజన్ ఎందుకు పోతుందో పిన్నికి ఫోన్లో ఎలా చెప్పను? ఇక్కడైతే చెప్పొచ్చు. పదాలతో పనున్నవాళ్ళే కదా ఇక్కడికి వచ్చేది.

అప్పట్లో నేను ఆరెగన్‌లో, పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్‌లో ఉండేవాణ్ణి. చలికాలమంతా వానే. అందుకేనేమో ఆ చుట్టుపక్కల నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే సుబారులు ఎక్కువగా కనబడతాయి. నేనూ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2007 ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్, రెండున్నర లీటర్ల టర్బో ఇంజన్. ఎమ్మెస్ చెయ్యడానికి వచ్చిన తమ్ముడు ఒకరోజు నాతో హైవే 26 మీదకి వచ్చి, "అన్నయ్యా, నేను కొంటే ఇదే కొంటా" అన్నాడు. ఉద్యోగంలో చేరిన మూడో నెల్లో అన్నంత పనీ చేశాడు. అదే ఏడాది, అదే మోడల్.

టర్బో అంటే పెద్ద రహస్యమేం కాదు. ఇంజన్లోంచి బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దాంతోపాటు తిరిగే ఇంకో చక్రం బయటి గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండించొచ్చు. పెట్రోలు ఎంత పొయ్యాలి, స్పార్క్ ఎప్పుడివ్వాలి, టర్బోని ఎంతదాకా తిరగనివ్వాలి అనేవి ఈసీయూ అనే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. నిర్ణయిస్తుంది అని మర్యాదకి అంటున్నాను గానీ, అది చేసే పనిలో చాలావరకు ఎక్కాల పుస్తకం చూసి చెప్పడమే. అడ్డంగా లోడ్, అంటే ఇంజన్ ఒక్క చుట్టు తిరిగేలోపు లోపలికి వెళ్ళే గాలి ఎన్ని గ్రాములో అది. నిలువుగా ఆర్పీఎం. రెండూ కలిసే గడిలో ఒక అంకె. గడికీ గడికీ మధ్యలో ఉంటే అటూ ఇటూ చూసి లెక్కగట్టుకుంటుంది. ఇలాంటి పట్టికల్నే మ్యాప్‌లంటారు.

టైమింగ్ మ్యాప్‌లో ఉండేవి డిగ్రీలు. పిస్టన్ పైకొసకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు మంట అంటించాలి అని. అంటించగానే అంతా మండిపోదు, మంట పాకడానికి టైం కావాలి, అందుకే ముందుగా అంటించడం. ఒక హద్దు వరకూ, ఎంత ముందు అంటిస్తే అంత బలం. ఆ హద్దు దాటితే మంట ఇంకా చేరని మూలలో ఉన్న గాలీ పెట్రోలూ, ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక వాటంతటవే ఒక్కసారిగా భగ్గుమంటాయి. దాన్ని నాక్ అంటారు. పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. టర్బో ఇంజన్లో గాలిని ముందే నొక్కి పంపుతాం కాబట్టి ఆ హద్దు ఇంకా దగ్గరగా ఉంటుంది.

ఈ మ్యాప్‌లన్నీ ఉండేది మెగాబైటుకి మించని ఒక చిన్న ఫైల్లో. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కి ఓపెన్‌పోర్ట్ కేబుల్ తగిలించి, ఈసీయూఫ్లాష్ అనే ప్రోగ్రాంతో దాన్ని లాప్‌టాప్‌లోకి దించుకోవచ్చు. దించుకుని తెరిస్తే ఏమీ అర్థం కాదు. అన్నీ అంకెలే. ఎక్కడ ప్రోగ్రాం అయిపోయి ఎక్కడ పట్టిక మొదలైందో చెప్పే గీతలుండవు. పేర్లు అసలే ఉండవు. అది రాసినవాళ్ళు పెట్టుకున్న పేర్లు వాళ్ళ ఆఫీసులోనే ఉండిపోయాయి.

అందుకని డెఫినిషన్ అనే ఇంకో ఫైలు కావాలి. ఫలానా అడ్రసు దగ్గర ఒక పట్టిక మొదలవుతుంది, ఇన్ని వరసలు, ఇన్ని నిలువులు, ఒక్కో బైటునీ 0.3515625తో హెచ్చవేసి 20 తీసేస్తే డిగ్రీలొస్తాయి, దీని పేరు బేస్ టైమింగ్, ఇలా ఉంటుంది అందులో. బైటులో 100 ఉంటే 15 డిగ్రీల చిల్లర అన్నమాట. ఈ ఫైల్ని రామ్‌రైడర్‌కి ఇస్తే, అప్పటిదాకా చెత్తలా కనబడ్డ అంకెలు రంగురంగుల పట్టికలై తెరుచుకుంటాయి. నాకు మొదటిసారి చూసినప్పుడు తెలుగు క్లాసు గుర్తొచ్చింది. పద్యం పైన, కింద ప్రతిపదార్థం. పైదేమిటో తెలీకపోయినా కిందది బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న రోజులు.

నా కారు ఫైలుకి డెఫినిషన్ దొరికింది. ముక్కూ మొహం తెలియని ఎవరో రాత్రుళ్ళు కూర్చుని, ఇంజన్ కోడ్ విడదీసి చదివి, తయారుచేసి అందరికీ ఊరికే ఇచ్చిన పని అది. తమ్ముడి కారుది దొరకలేదు. మోడల్ ఒకటే అయినా, ఎప్పుడో సర్వీసులో ప్రోగ్రాం కొత్త వెర్షన్‌కి మార్చినట్టున్నారు. పట్టికలు అవే, అడ్రసులు వేరు.

"నేను రాస్తాలే" అన్నాను.

నిజం చెప్పొద్దూ, ఆ నెల రోజులు నాకు చాలా బాగుండేది. రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టుకుని వెతకడం. ఆ ప్రాసెసర్ దశాంశాల్ని దాచుకునే పద్ధతిలో 1200 అనే అంకె 44 96 00 00 అవుతుంది. ఆ నాలుగు బైట్లు కనబడి, వాటి ముందూ వెనకా కూడా వరసగా పెరిగే ఆర్పీఎంలు ఉంటే, అది ఏదో ఒక పట్టిక అంచు. దాని దగ్గర్లో నా కారు ఫైల్లో ఉన్నట్టే ఉన్న గుంపు కనబడితే, దొరికినట్టే. ఆఫీసులో రోజంతా ఎవరో రాసిన కోడ్‌లో బగ్గులు వెతికి వచ్చినవాణ్ణి, ఇంటికొచ్చి మళ్ళీ అదే పని ఇష్టంగా చేసేవాణ్ణి. ఒక్కో పట్టికకీ పేరు పెడుతుంటే, పాత తాళపత్రమేదో పరిష్కరిస్తున్నట్టు కాస్త గర్వంగా కూడా ఉండేది.

టైమింగ్ పట్టికలు రెండున్నాయి. ఒకే సైజు, ఒకే అంచులు, లోపలి అంకెలు కూడా దాదాపు అవే. కంప్యూటర్ సందర్భాన్ని బట్టి రెంటిలో ఒకటి ఎంచుకుంటుంది. నా కారులో ఏది ముందుందో చూసి, ఇక్కడ కూడా అదే వరస అనుకుని పేర్లు పెట్టాను. ఏ పట్టికని ఎప్పుడు పిలుస్తుందో కోడ్‌లోకి వెళ్ళి చూడాల్సింది. చూడలేదు. అన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి కదా, ఇదొక్కటీ ఎందుకు మారుతుంది అనుకున్నాను.

మారింది.

తమ్ముడు టర్బో తర్వాతి పైపు తీసేసి వెడల్పైనది వేయించాడు. పొగకి అడ్డు తగ్గితే టర్బో ఇంకా జోరుగా తిరుగుతుంది, మ్యాప్‌లు మార్చక తప్పదు. బూస్ట్ 16 పీఎస్‌ఐ దగ్గర ఆగేలా చూశాం. గాలికీ పెట్రోలుకీ నిష్పత్తి, మామూలుగా 14.7 ఉండేది, బూస్ట్‌లో 11 దగ్గరకి వచ్చేలా పెట్రోలు పెంచాం. నాక్ రాకుండా ఎక్కువ లోడ్ ఉన్న గడులన్నిట్లో టైమింగ్ 3 డిగ్రీలు తగ్గించాను. అలా తగ్గించింది అవసరానికి వాడే పట్టికలో కాదు. దాని కవల పట్టికలో.

తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద వాడు నడుపుతుంటే నేను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని లాగ్ తీశాను. బూస్ట్ బాగుంది. పెట్రోలు బాగుంది. నాక్ కరెక్షన్ వరసలో అక్కడక్కడా -1.4 కనబడింది. "అది నాయిస్‌లే, నా కార్లో కూడా వస్తుంది" అన్నాను. నా కార్లో నిజంగానే వస్తుంది.

ఆ -1.4 సంగతి చెప్పాలి. ఇంజన్ దిమ్మకి బిగించిన ఒక సెన్సర్ ఉంటుంది, చెవి లాంటిది. సుత్తి దెబ్బ వినబడగానే కంప్యూటర్ టైమింగ్ కొంచెం వెనక్కి లాగుతుంది. మళ్ళీ మళ్ళీ అదే వినబడితే, ఆ గడుల దగ్గర జాగ్రత్త అని గుర్తుపెట్టుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఐఏఎం అనే ఒక్క అంకెని తగ్గిస్తుంది. అది 1 ఉంటే కంప్యూటర్‌కి మనమీద పూర్తి నమ్మకం. తగ్గేకొద్దీ, బలం కోసం అదనంగా కలిపే డిగ్రీల్ని అన్నిచోట్లా కోసేస్తుంది. మనం రాసినదాన్ని నమ్మకుండా తను విన్నదాన్ని నమ్మడానికి ఆ యంత్రానికి అలా దారి పెట్టారు.

రెండు వారాలకి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, బండి ముందులా లాగట్లేదు."

ఆగస్టు నెల. "ఎండలు కదరా, గాలి వేడెక్కితే అంతే" అన్నాను. అది కూడా నిజమే. ఏ తప్పుకైనా పక్కన ఒక నిజం దొరుకుతుంది.

ఇంకో పది రోజులకి, హైవే ఎక్కే ర్యాంపు మీద, వెనకంతా నీలం పొగ. కంప్రెషన్ చూస్తే ఒక సిలిండర్లో సగం కూడా లేదు. ఇంజన్ విప్పితే పిస్టన్ రింగులు కూర్చునే అంచు విరిగి ఉంది.

ఆ రాత్రి పాత లాగ్ మళ్ళీ తెరిచాను. కరెక్షన్ సున్నా ఉన్న ఒక వరస తీసుకుని చేత్తో లెక్కేశాను. 4000 ఆర్పీఎం, నా పట్టిక ప్రకారం 12, దానికి కలిపేవి 4, మొత్తం 16 రావాలి. లాగ్‌లో 19 ఉంది. ఇంకో వరస చూశాను. అక్కడా 3 తేడా. ఇంకోటి. 3. నేను తగ్గించాననుకున్న ఆ మూడు డిగ్రీలూ ఎక్కడికీ పోలేదు, ప్రతి వరసలోనూ నాకేసి చూస్తూ ఉన్నాయి. కారు దగ్గరకి వెళ్ళి కేబుల్ పెట్టి చూస్తే ఐఏఎం 0.68కి పడిపోయి ఉంది. అంటే వాడు లాగట్లేదన్న రోజుకే అది నన్ను నమ్మడం మానేసింది.

అంత చిన్న కూడిక ముందే ఎందుకు చెయ్యలేదు? నాకు తట్టిన జవాబు ఒకటే. పేరు పెట్టాక మనం చూడటం మానేస్తాం. ఆ పట్టిక మీద బేస్ టైమింగ్ అని నేనే రాశాను. రాసింది నేనన్న సంగతి నెల తిరక్కుండా మర్చిపోయాను. తెర మీద కనబడుతుంటే, అది కారు చెప్తున్న మాటే అనుకున్నాను. నా ఊహని నేనే సాక్ష్యంగా తెచ్చుకున్నాను.

అప్పటికి నాలుగైదేళ్ళుగా పుస్తకాల మీద రాస్తున్నాను. ఇంజన్ పోయిన వారంలో నా పాత సమీక్షలు కొన్ని తీసి చదివాను, ఎందుకో అటే మనసు పోయింది. ఒక కథల సంపుటిని నేను "పల్లె మీద బెంగ" అని తేల్చేశాను. ఆ తర్వాత రాసిన రెండు పేజీల్లో పుస్తకం ఎక్కడా లేదు, బెంగే ఉంది. పుస్తకం మళ్ళీ తీస్తే, అందులో సగం కథల్లో ఊరొదిలి బయటపడ్డ ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకుంటున్నారు. మూడో కథ దగ్గరే నాకు -1.4 కనబడి ఉంటుంది. నాయిస్ అనుకుని దాటేసి ఉంటాను. ఇంజన్‌కి ఒక చెవి బిగించి ఉంటుంది కాబట్టి, నా తప్పు ఎక్కడో ఒకచోట అంకెగా నమోదైంది. పుస్తకం మీద తప్పు రాస్తే పొగ రాదు. ఆ రచయిత చదివి, పోనీలే అనుకుని ఊరుకుని ఉంటారు. అంతకంటే భయమేసే సంగతి, ఇంకెవరో చదవబోయి, నా పేరు చదివి, పుస్తకం చదవకుండా ఆగిపోయి ఉండొచ్చు.

రిపేరు డబ్బులు నేనిచ్చాను. తమ్ముడు వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. తిట్టలేదు. "నువ్వు చూశావు కదా అనుకున్నా" అన్నాడంతే. తిట్టుంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

ఇప్పుడు నా దగ్గరున్న డెఫినిషన్ ఫైల్లో ప్రతి పట్టిక పక్కనా ఒక మాట రాసుకుంటాను, "పరీక్షించాను" అనో "ఊహ" అనో. పరీక్ష అంటే పెద్దదేం కాదు. ప్రమాదం లేని చోట, తక్కువ లోడ్ గడుల్లో, టైమింగ్ ఒక డిగ్రీ తగ్గించి ఇంజన్లోకి ఎక్కించడం, నడిపి లాగ్ చూడటం. లాగ్‌లో కూడా ఒక డిగ్రీ తగ్గితే పేరు నిలబడినట్టు. తగ్గకపోతే, అది ఎంత అందంగా అమరినా, నాకు ఆ పట్టిక ఏమిటో తెలీదు. మొదటి రోజు లెక్కపెడితే "ఊహ" అని రాసినవే ఎక్కువ ఉన్నాయి.

కొత్త ఇంజన్ వేశాక తమ్ముడు ఆ కారుని ఏడాది వరకూ మామూలు మ్యాప్‌లతోనే, పాత పైపుతోనే నడిపాడు. నేను అడగలేదు. ఒక ఆదివారం పొద్దున్నే వాడే వచ్చాడు, వెడల్పు పైపు డిక్కీలో పెట్టుకుని. లాప్‌టాప్ తెస్తుంటే తాళాలు నా చేతిలో పెట్టి, వాడు పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఈసారి నువ్వు నడుపు అన్నయ్యా. లాగ్ నేను చదువుతా."