395 మీద గాలి లెక్క

నెవాడాలోని రీనో నుంచి కాలిఫోర్నియాలోకి దిగే యూఎస్ 395కి కుడివైపు సియెరా నెవాడా కొండలు, ఎడమవైపు సేజ్ పొదల ఎడారి. మేం వెళ్తున్నది మా బావ వ్యానులో. 1987 నాటి ఫోక్స్‌వాగన్ వానగన్, పైకప్పు లేపుకుని పడుకునే వెస్ట్‌ఫాలియా రకం. ఇంజను 2.1 లీటర్లు, 95 హార్స్‌పవర్. స్టవ్వు, సింకు, పరుపులు మోసుకుంటూ ఘాటెక్కడానికి ఆ బలం ఏ మూలకీ చాలదు. తొందరున్నవాళ్లు ఎక్కాల్సిన బండి కాదిది.

బ్రిడ్జ్‌పోర్ట్ దాటాక మిస్సింగ్ మొదలైంది. ఒకే వేగంతో పోతుంటే కుదుపు. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే కాసేపు బుద్ధిగా ఉంటుంది. ఎనిమిది వేల అడుగులు దాటిన కాన్వే సమ్మిట్ ఎక్కేసరికి పికప్ పూర్తిగా పోయింది.

"ఎత్తు మీద గాలి పల్చన కదా బావా, అందుకేమో" అన్నాను.

"అదీ కొంత ఉంటుందిలేరా. కానీ అదైతే కుదుపుండదు, పొగ నల్లబడుతుంది. ఇది ఎక్కడో పట్టేసి వదుల్తోంది."

బావ బెజవాడ ఆటోనగర్ సందుల్లో పెరిగినవాడు. బండి జబ్బు చెవితో కనిపెట్టడం ఆయనకి అలవాటు.

దిగువన మోనో సరస్సు. లీ వైనింగ్‌కి కాస్త ముందే, ఓల్డ్ మరీనా దగ్గర ఒడ్డున ఆపాం. ఇంజను చల్లారేదాకా నీళ్లవైపు నడిచాను. ఈ సరస్సులోంచి నీరు బయటికి పోయే దారి లేదు, అందుకే ఉప్పగా, జారుడుగా ఉంటుంది. అడుగున ఊరే ఊటల్లోని కాల్షియం సరస్సు నీటితో కలిసి సున్నపురాయి గోపురాలు కడుతుంది. టూఫా అంటారు. ఇవి నీళ్లలోనే పెరగాలి. 1941 నుంచి లాస్ ఏంజలిస్ నగరం ఈ సరస్సులోకొచ్చే ఏరులను మళ్లించుకోవడంతో మట్టం పడిపోయి గోపురాలు బయటపడ్డాయి. 1994లో రాష్ట్ర జలమండలి మట్టం పెంచి తీరాలని ఆదేశించింది. మనం ముచ్చటపడి ఫొటోలు తీసుకునేదంతా నిజానికి నీటి అప్పు.

తిరిగొచ్చేసరికి బావ వెనక తలుపెత్తి, పరుపు చుట్టి, దాని కింది మూత తీశాడు. ఇంజను అక్కడే ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు పక్కన అల్యూమినియం పెట్టె, అదే ఎయిర్‌ఫ్లో మీటరు. లోపల ఒక రేకు తలుపు, దానికి గోడగడియారంలో ఉండేలాంటి చుట్టల స్ప్రింగు. ఇంజను పీల్చే గాలి తలుపును తోస్తుంది. ఎంత తెరుచుకుందో చూసి పెట్రోలు ఎంత చల్లాలో కంప్యూటరు లెక్క కడుతుంది. ఎత్తు మీద మాత్రం ఈ లెక్క కొంచెం తప్పుతుంది. పల్చటి గాలి బరువు తక్కువైనా వేగంగా దూసుకొచ్చి తలుపును ఉండాల్సినదానికన్నా ఎక్కువ తెరుస్తుంది, పెట్రోలు ఎక్కువ పడుతుంది. తర్వాతి కార్లలో వేడి తీగ పెట్టి గాలి బరువునే కొలవడం మొదలయ్యాక ఈ బాధ తీరింది. కాకపోతే వేలుపెట్టి చూసుకునే సుఖం కూడా పోయింది.

"వేలుపెట్టి చూడు" అన్నాడు బావ. నెమ్మదిగా తోశాను. మూడోవంతు తెరుచుకున్నాక గరుకుగా తగిలి ఆగింది. ఇంకాస్త నొక్కితే టక్కున జారింది. ఇంజను ఆవిరితో వచ్చిన నూనె జిడ్డు, దాని మీద ఎడారి దుమ్ము. తలుపు అంచునే కాదు, కుదుపు తగ్గించడానికి పక్కన కట్టిన చిన్న గదిలో, దాని జంట రెక్క కిందా పేరుకుంది. క్లీనరు స్ప్రే కొట్టి, ఇయర్‌బడ్స్‌తో తుడిచాం. నూనె వేద్దామా అంటే బావ కసిరాడు. నూనె వేస్తే రేపటి దుమ్ముకి అదే బంక.

అసలు పని మీటరు మీది నల్ల మూత కింద ఉంది. అంటించిన సిలికాన్‌ను సన్నటి బ్లేడుతో కోసి ఎత్తాడు. కార్బన్ పట్టీ, దాని మీద పాకే చిన్న ఇత్తడి రంగు చెయ్యి. ప్లగ్గు పెట్టి, తాళం ఆన్‌లో ఉంచి, తలుపు కదుపుతుంటే నేను వోల్టు మీటరు చూశాను. ముల్లు సాఫీగా లేస్తూ ఒకచోట దబ్బున పడింది. రోజూ హైవే మీద ఒకే వేగంతో పోతే ఆ చెయ్యి అక్కడక్కడే రాపాడి పట్టీని అరగదీస్తుంది. ఏళ్ల తరబడి తిరిగిన బండికి అది మామూలే. ఆ ఇత్తడి రంగు చేతిని బావ ముక్కుశ్రావణంతో వెంట్రుకవాసి వంచి, అరిగిన గీత పక్కన నునుపుగా ఉన్న దారిలోకి తెచ్చాడు. పళ్ల చక్రం జోలికి మాత్రం వెళ్లనివ్వలేదు. స్ప్రింగు బిగువంతా దాని చేతిలో ఉంది. ఒక్క పన్ను జరిగినా పెట్రోలు లెక్క మారుతుంది.

మళ్లీ చూస్తే ముల్లు ఎక్కడా ఆగకుండా లేచింది.

మూతకి టేపు చుట్టి బయల్దేరాం. డెడ్‌మన్ సమ్మిట్ కూడా ఎనిమిది వేల అడుగులే. రెండో గేరులో నింపాదిగా, కుదుపు లేకుండా ఎక్కింది. షెర్విన్ గ్రేడ్ దిగి బిషప్ చేరేసరికి సాయంత్రమైంది. విడిభాగాల షాపు మూసేలోపు సిలికాన్ ట్యూబు కొన్నాం. దుమ్ము దూరకుండా మూత అంటించి, రాత్రంతా ఆరాలన్నాడు బావ. ఆ పూట బస అక్కడే.