ఆదివారపు ఫొటో

నిరుడు సంక్రాంతినాటి నుంచి మా యింట ఒక కొత్త నోము పట్టాము. వారానికి ఒక ఫొటో తీయాలి. పెళ్ళిళ్ళూ, గుడిగోపురాలూ పనికిరావు. మన కళ్ళ యెదుట మామూలుగా జరిగేదే కావాలి. కెమేరా అంటే చేతిలోని సెల్‌ఫోనే. తీసినది అచ్చువేయించి, ఆఫీసులో పారవేసిన ఒక ఖాళీ లెడ్జరులో అతికించి, కింద తేదీ, చోటు, రెండు ముక్కలు తెలుగులోనూ, మా పిల్లల కోసం ఒడియాలోనూ వ్రాస్తాము.

మొదటి వారాలు బరంపురంలోనే గడిచినవి. పట్టు నేసేవారి వీధిలో రంగు వేసిన నూలు ఆరబెట్టడం తీశాము. మన బరంపురం పట్టుచీర అంచు మీద గుడి గోపురాల్లాంటి వరుస వుంటుంది. 2012లో ఆ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధాని నుంచి విడివడి ఒడిశాలో కలిసినా, ఆ మగ్గాల దగ్గర మాట మాత్రం తెలుగే. తరువాత రెండు వారాలు టీ కొట్టూ, రైల్వే స్టేషనూ. వాటిని గురించి చెప్పడానికి పెద్దగా యేమీ లేదు.

ఒక ఆదివారం బస్సెక్కి గోపాలపురం వెళ్ళాము. పదహారు కిలోమీటర్లే. ఒకప్పుడు గంజాం కూలీలు రంగూనుకు ఓడ యెక్కిన రేవు అది. పాత రేవు తాలూకు స్తంభాలు యిప్పటికీ అలల్లో నిలబడి వున్నవి. వచ్చినవారందరూ వాటినే ఫొటో తీస్తారు. మేము అలా కాదనుకొని, పల్లెవారి యిళ్ళ వైపు నడిచి, వల బాగుచేసుకుంటున్న ఒక ముసలమ్మను తీశాము. అడగలేదు. అదే మా తప్పు.

ఆమె తలెత్తి చూసింది.

"ఏటి బాబూ, అడక్కుండా తీసేత్తన్నావు? తుపానప్పుడు కెమేరాలోళ్ళు సానామంది వొచ్చినారు. తీసుకుని పోనారు. ఒక్కడూ మా బొమ్మ మాకు తెచ్చి యియ్యనేదు."

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను తీరం దాటింది అక్కడే. మా దగ్గర జవాబు లేదు. మా యింటావిడ మాత్రం, "మేము తెచ్చి యిస్తాము మామ్మా" అన్నది. ముసలమ్మ నవ్వి మళ్ళీ వలలో తల దూర్చింది.

యింటికి వచ్చి చూసుకుంటే ఫొటో మాకు నచ్చలేదు. ముసలమ్మ వెనుక ఒక పాత పడవ అడ్డంగా పడింది. మేకులు లేకుండా, పలకలను కొబ్బరితాళ్ళతో కుట్టిన పూర్వపు పడవ. అది లేకుంటే చిత్రం శుభ్రంగా వుండేదే అనుకున్నాము. అయినా మాట యిచ్చాము గనుక అచ్చువేయించాము. తీసుకువెళ్ళడానికి మాత్రం అయిదు వారాలు పట్టింది. మార్చి నెలాఖరు లెక్కలు, తరువాత చుట్టాలు, తరువాత బద్ధకం.

ఈసారి వెళ్ళేసరికి ముసలమ్మ అక్కడే వున్నది. పడవ లేదు. దాని చోట యిసుకలో గుంట మిగిలింది.

ఫొటో చేతిలో పెట్టాము. తన ముఖం చూసుకుంటుందనుకున్నాము. ఆమె వేలు నేరుగా వెనుకకు పోయింది.

"మా ముసిలోడు కుట్టిన పడవ" అన్నది. మనుమలు ఫైబరు పడవ కొన్నారట. యిది పుచ్చిపోయిందని పదిహేను రోజుల కిందట విప్పి, పలకలు పొయ్యిలోకి పెట్టేశారట. ముసలాయన పోయి చాలా యేళ్ళయిందట. ఆయనకు ఫొటో లేదట.

మేము బద్ధకించిన అయిదు వారాల్లోనే అది జరిగింది. ముందే తెచ్చి యిచ్చివుంటే ఆ పలకలు మిగిలేవో లేదో చెప్పలేము. బస్సులో మా యింటావిడా మేమూ ఆ మాట యెత్తుకోలేదు.

బయలుదేరబోతుండగా ముసలమ్మ వెనక్కు పిలిచింది.

"యింకోటి పెద్దది సేయించి తే బాబూ. నన్ను తీసెయ్యి. పడవొక్కటే సాలు."

ఆ ఫొటో స్టూడియోలో యిచ్చాము. ఈ ఆదివారం మళ్ళీ గోపాలపురమే.