మా హీరోయిన్‌కి మూడు గంటలే కాల్షీటు!

కారవాన్ అనగానే మీకు గుర్తొచ్చేదేమిటి? షూటింగ్ స్పాట్‌లో ఓ పక్కగా నిలబెట్టిన పొడుగాటి బండి, గుమ్మం దగ్గర కాపలా మనిషి, లోపల ఏసీ చల్లదనంలో మేకప్ వేయించుకుంటున్న హీరోగారు... అంతే కదూ? ఒకప్పుడు అవుట్‌డోర్ అంటే ఎంత పెద్ద తారలైనా చెట్టు నీడన కుర్చీ వేసుక్కూర్చునేవారు. ఇప్పుడు కారవాన్ రానిదే షాట్ రెడీ కాదు. పదేళ్లుగా సినిమా కబుర్లు రాసుకు బతుకుతున్న ఈ ఫ్రీలాన్సరుకి కారవాన్ బయటి మెట్లతో ఉన్న పరిచయం అంతా ఇంతా కాదు. "సార్ రెస్టులో ఉన్నారు, కూర్చోండి" అంటారు. ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పరు!

అలాంటి నేను ఈసారి ఏకంగా ఓ కారవాన్ అద్దెకు తీసుకుని, దాని స్టీరింగు కూడా నేనే పట్టుకోబోతున్నాను. అదీ పామూరులోనో ఒంగోలులోనో కాదు... న్యూజిలాండ్‌లో! అక్కడ దాన్ని మోటార్‌హోమ్ అంటారు. వంటగది, మంచాలు, మరుగుదొడ్డి, అన్నీ నాలుగు చక్రాల మీదే. మా అక్కా బావా క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటారు. మా అమ్మాయిని అక్క ఇంతవరకూ ఫోన్లో చూడటమే తప్ప ఎత్తుకున్నది లేదు. వచ్చే మార్చిలో వెళ్దామనుకుంటున్నాం. యూనిట్ సభ్యులు ముగ్గురం: నేను, మా ఆవిడ, మా హీరోయిన్. హీరోయిన్ వయసు మూడున్నరేళ్లు.

మా అమ్మకి విషయం చెప్పగానే వక్క నమలడం ఆపేసింది. "ఏందిరా అబ్బాయ్! ఉన్న కొంప వదిలిపెట్టి, విమానమెక్కి పోయి, ఇంకో కొంపలో వండుకు తినేదానికి లచ్చలు పోస్తావా?" అంది. దీనికి జవాబు ఏ పర్యాటక శాఖ దగ్గరా ఉండదు. కానీ మాలకొండ ప్రయాణాలు గుర్తుచేశాను. శనివారం ఒక్కరోజే తెరిచే నరసింహస్వామి గుడికి మా చిన్నప్పుడు ట్రాక్టర్ ట్రక్కులో పోయేవాళ్లం. పైన టార్పాలిన్, కింద వరిగడ్డి, దాని మీద జంపఖానా. మూలన బియ్యం మూట, ఇత్తడి గుండిగ, నీళ్ల బిందెలు, పొయ్యి కట్టెలు, మధ్యలో పిల్లకాయలం. ఎక్కడ చెట్టు కనపడితే అక్కడే వంట. "అమ్మా, అది మోటార్‌హోమ్ కాక మరేమిటే?" అన్నాను. "దాంట్లో దొడ్డి లేదు గదరా" అని నవ్వేసింది. అమ్మ ఒప్పేసుకున్నట్టే.

ఇక మా ఆవిడ. ఆవిడ భయం వేరు. ఆ భయం నాకూ ఉంది.

మా పాపకి గత ఏడాది రెండుసార్లు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. మొదటిసారి అర్ధరాత్రి. కళ్లు తేలేసి ఒళ్లంతా బిగుసుకుపోయిన పిల్లని చేతుల్లో వేసుకుని, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తాను. రెండు నిమిషాల్లో తగ్గింది. ఆ రెండు నిమిషాలూ ఏ సినిమాలోనూ చూడనంత పొడుగు. పిల్లల డాక్టరు ధైర్యం చెప్పాడు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో ఇది కనిపించేదేననీ, చాలామందికి వయసుతో పోతుందనీ అన్నాడు. మళ్లీ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా పట్టి ఆపకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సు. "ప్రయాణం చెయ్యొచ్చా డాక్టరుగారూ?" అంటే "హాయిగా చెయ్యండి" అన్నాడు. మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చాక ఒకే మాట అంది: "ఏమండీ, ఆస్పత్రికి దూరమైన చోట రాత్రి పడుకోవద్దు. పిల్లని గంటల తరబడి సీటుకి కట్టెయ్యొద్దు. ఈ రెండూ ఒప్పుకుంటే వస్తా. లేదంటే మీరొక్కరే వెళ్లిరండి."

చూశారా, స్క్రిప్టు మొత్తం అక్కడే మారిపోయింది!

సినిమా జనానికి న్యూజిలాండ్ కొత్త కాదు. 2000లో 'కహో నా ప్యార్ హై' జంట అక్కడ విహరించింది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు భాగాలూ అక్కడే తీశారు. 2025లో వచ్చిన మన 'కన్నప్ప'లో కనిపించే కొండలూ కోనలూ చాలావరకు అక్కడివే. సినిమా పిచ్చోణ్ణి కదా, నా కళ్లు సహజంగానే క్వీన్స్‌టౌన్ మీద, అది దాటి మిల్‌ఫోర్డ్ సౌండ్ మీద పడ్డాయి. క్రైస్ట్‌చర్చ్ నుంచి క్వీన్స్‌టౌన్ సుమారు 480 కిలోమీటర్లు. మిల్‌ఫోర్డ్‌కి ఇంకా దాదాపు 290. పైగా టె ఆనౌ ఊరు దాటాక ఆ దారిలో చాలాచోట్ల ఫోనుకి సిగ్నలే ఉండదట. కొండల మధ్య సిగ్నల్ లేని రోడ్డు మీద, మూడున్నరేళ్ల పిల్ల ఒళ్లు వేడెక్కితే? ఆ రెండు పేర్లూ కొట్టేశాం. ఎడిటింగ్ టేబుల్ మీద ఎన్ని మంచి సీన్లు పోవడం లేదు!

ఇక్కడే నా వృత్తి అక్కరకొచ్చింది. మన దేశంలో బాలనటుల పని గంటల మీద 2017లో కేంద్రం నిబంధనలు పెట్టింది. రోజుకి ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా వరసగా మూడు గంటలు దాటకూడదు. నటించే పిల్లలకే అంత లెక్క ఉంటే, సీటులో బెల్టు కింద కదలకుండా కూర్చోవాల్సిన పిల్లకి ఎంత ఉండాలి? మా ఆవిడా నేనూ కూర్చుని కాల్షీటు రాశాం. రోజు మొత్తం మీద బండి నడిచేది మూడు గంటలు, అదీ మించితే. గంటకోసారి బ్రేకు. చీకటి పడ్డాక షూటింగ్ లేదు. వరసగా రెండు రోజులు నడిస్తే మూడో రోజు సెలవు. హీరోయిన్‌కి జలుబు చేస్తే ప్యాకప్!

కాగితం మీద సరే, కుదురుతుందా అని రిహార్సల్ కూడా వేశాం. మా బావమరిది కారులో పిల్లల సీటు బిగించి భైరవకోన తీసుకెళ్లాం. మన దగ్గర పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకోవడమే అలవాటు. అక్కడి చట్టం మాత్రం ఏడేళ్లు నిండేదాకా ఆమోదించిన పిల్లల సీటు తప్పనిసరి అంటుంది. మా అమ్మడు సీఎస్ పురం దాకా పాటలు పాడింది. ఆ తర్వాత బెల్టు మీద యుద్ధం ప్రకటించింది. కోనలో ఎనిమిది గుహాలయాలూ చూపిస్తే దానికి నచ్చింది మాత్రం కోతి ఒక్కటే. రెండో రిహార్సల్ నెల్లూరు దాకా. అప్పటికి ఓ కిటుకు కనిపెట్టాం. మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే బయల్దేరితే గంటన్నర ఏకధాటిగా నిద్ర. కాబట్టి న్యూజిలాండ్‌లో కూడా మా బండి భోజనం తర్వాతే కదులుతుంది.

అయితే ఓ చిక్కుంది. నిద్ర వేళలు! మార్చిలో వాళ్ల గడియారం మనకన్నా ఏడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి ఎనిమిదైతే మా అమ్మడి ఒంటికి ఇంకా మధ్యాహ్నం పన్నెండున్నరే. చెన్నైలో ఎక్కి, సింగపూర్‌లో మారి, ఇంకో పది గంటలు ఎగిరి దిగీ దిగగానే బండి తాళాలు తీసుకునే వాళ్లున్నారు. ఆ సాహసం మనకొద్దు. నిద్ర లేని తండ్రి, నిద్రపోని పిల్ల... ఆ కాంబినేషన్ అట్టర్ ఫ్లాప్! మొదటి మూడు రాత్రులూ అక్క ఇంట్లోనే. ఆ తర్వాతే బండి.

మరి రూటు? క్రైస్ట్‌చర్చ్ నుంచి జెరాల్డీన్, అక్కణ్ణుంచి టెకాపో సరస్సు, ట్విజెల్, తర్వాత కిందికి దిగి సముద్రపు ఒడ్డున ఒమారు, టిమారు, మళ్లీ క్రైస్ట్‌చర్చ్. గుండ్రంగా ఓ చుట్టు. టిమారులో ఆస్పత్రి ఉంది, ఒమారులో ఉంది, క్రైస్ట్‌చర్చ్‌లో పెద్దదే ఉంది. కొండల వైపు గడిపే రాత్రులు మూడే, అవి కూడా ఫోను పనిచేసే ఊళ్లలోనే. అక్కడ అత్యవసర నంబరు 111. పాపకే నేర్పించాం, మూడు ఒకట్లే కదా! 3,724 మీటర్ల మౌంట్ కుక్ శిఖరానికి పుకాకి సరస్సు ఒడ్డు నుంచే దణ్ణం పెట్టుకుంటాం. టెకాపోలో 1935 నాటి చిన్న రాతి చర్చి ఉంది. ఆ ప్రాంతాన్ని 2012లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా గుర్తించారు. అంటే నక్షత్రాలు బాగా కనపడటానికి వీధి దీపాలు తగ్గిస్తారన్నమాట! కరెంటు పోయినప్పుడల్లా మిద్దె మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టిన పామూరోణ్ణి, ఈ మాట చదివి నవ్వాపుకోలేకపోయాను. హీరోయిన్‌కి మాత్రం ఒమారు మీదే గురి. సాయంత్రం చీకటి పడేవేళ చిన్న చిన్న నీలి పెంగ్విన్లు సముద్రంలోంచి గట్టెక్కి ఇళ్లకొస్తాయి. "వాటికి వాళ్లమ్మ అన్నం పెడుతుందా?" అని ఇప్పటికి వందసార్లు అడిగింది.

బండి లోపలి సంగతులు చెప్పలేదు కదూ! కదిలే ఇల్లు అనగానే వెనకాల మంచం మీద పడుకుని కిటికీలోంచి కొండలు చూస్తూ పోవచ్చని మీరనుకుంటారు. కుదరదు. బండి కదిలిందంటే అందరూ సీట్లలో, బెల్టుల్లో ఉండాల్సిందే. స్టవ్ బందు, గ్యాసు సిలిండరు వాల్వు బందు, అలమారాల తలుపులు బందు. పక్కవాటుగా ఉండే సోఫాకి పిల్లల సీటు బిగించకూడదు. ముందుకు చూసే సీటుకే. అందుకే బుకింగ్‌కి ముందు "ఏ సీటుకి బిగిస్తారు? రాత్రి మంచం పరిచేటప్పుడు దాన్ని ఊడదియ్యాలా?" అని రాసి అడిగాను. రోజూ ఊడదీసి బిగించే బండి మనకొద్దు.

నీళ్లట్యాంకు 80 నుంచి 100 లీటర్లుంటుంది. అంటే మన లెక్కలో ఆరేడు బిందెలు. జాగ్రత్త, జాగ్రత్త అని పుస్తకం నిండా రాశారు. మాకా చెప్పేది! ఫ్లోరైడ్ నీళ్ల సీమలో పుట్టి, తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కుంటూ, వాడుక నీళ్లకి ట్యాంకరు కోసం ఎదురుచూసిన వాళ్లం. ఆరు బిందెలతో మా ఆవిడ పెళ్లివంట చెయ్యగలదు. అసలు సమస్య మరుగుదొడ్డి డబ్బా. దాని పేరేమిటో తెలుసా... కాసెట్టు! పాటల కాసెట్టు తెలిసిన నాకు ఈ కాసెట్టు చూస్తే నోట మాట రాలేదు. నిండాక దాన్ని నిర్ణీత డంప్ స్టేషన్‌లోనే ఖాళీ చెయ్యాలి. ఆ డిపార్ట్‌మెంటు నాదేనని ముందే నిర్ణయమైపోయింది.

"ఎక్కడ పడితే అక్కడ ఆపుకుని పడుకోవచ్చుగా?" అంటారా? అంత స్వేచ్ఛ లేదండీ. 2011లో దానికో చట్టం వచ్చింది. 2023లో ఇంకా బిగించారు. ఇప్పుడు స్థానిక కౌన్సిళ్ల చోట్లలో అలా ఉచితంగా ఆగాలంటే, చాలావరకు బండిలో కదలకుండా బిగించిన మరుగుదొడ్డితో సహా ధ్రువపత్రం ఉండాలి. మేం ఆ జోలికే పోవడం లేదు. రాత్రిళ్లు హాలిడే పార్కుల్లోనే. అక్కడ కరెంటు కనెక్షన్, వేన్నీళ్లు, పెద్ద వంటగది ఉంటాయి. పిల్లకి ఉయ్యాలా జారుడుబండా కూడా.

ఖర్చుల్లో ఓ రెండు మాటలు మిత్రులకి ప్రత్యేకంగా. రోజు అద్దె చూసి సంబరపడొద్దు. డీజిల్ బండికి తిరిగిన కిలోమీటర్ల లెక్కన రోడ్డు పన్ను విడిగా ఉంటుంది. బండికి దెబ్బ తగిలితే మన వాటా వేల డాలర్లలో ఉండొచ్చు. అది తగ్గించుకోవాలంటే రోజుకింతని కట్టాలి. అప్పుడు కూడా పైకప్పు కొమ్మకి తగిలితే చెల్లదని చాలా ఒప్పందాల్లో చిన్నక్షరాల్లో రాసి ఉంటుంది. చదవండి. రోడ్డుకి ఎడమ పక్కనే నడపాలి కాబట్టి ఆ మేరకి మనకి సుఖమే. ప్రమాదంలో గాయపడితే విదేశీయుడికైనా అక్కడి ప్రభుత్వ పథకం వైద్యానికి సాయపడుతుంది. జబ్బు చేస్తే మాత్రం మన జేబే. అందుకే పాప ఫిట్స్ సంగతి దాచకుండా ఇన్సూరెన్సు ఫారంలో రాశాం. ప్రీమియం పెరుగుతుంది, పెరగనీ! దాచి పెట్టిన పాలసీ అర్ధరాత్రి ఆస్పత్రి మెట్ల మీద ఎందుకు పనికొస్తుంది?

అమ్మ పచ్చళ్ల గురించి అక్క ముందే హెచ్చరించింది. తినే వస్తువేదైనా సరే, దిగగానే కాగితం మీద రాసి చూపించాలి. దాస్తే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. తేనె అసలే వద్దంది. ఆవాలూ మెంతులూ అక్కడి ఇండియన్ కొట్టుల్లో దొరుకుతాయట. ఇది విని అమ్మ రెండ్రోజులు అలిగింది. కూతురికి గోంగూర పంపలేని విమానం ఏం విమానమని ఆమె వాదన. న్యాయమే!

పోయిన వారం వీసా ఫారాలు పంపాం. పాప పాస్‌పోర్టు వచ్చేసింది, ఫోటోలో కోపంగా ఉంది. డాక్టరు చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించి, మందుల చీటీతో కలిపి ఓ కవర్లో పెట్టాం. ఆ కవరు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ దాటి బయటికి రాదు. సీటు సైజు కోసం పాప ఎత్తూ బరువూ పంపమని బండి కంపెనీ వాళ్లు అడిగారు. ఎత్తు తలుపుకి ఆనించి గీత గీశాను. బరువుకి కిరాణాకొట్టుకి తీసుకెళ్లి కాటా మీద నిలబెట్టాను. పదమూడున్నర కిలోలు. శెట్టిగారు కళ్లజోడు సవరించుకుని, "కిలో ఎంతకిస్తావు అబ్బాయ్?" అన్నాడు. అంతే, మా హీరోయిన్ కొట్టు దద్దరిల్లేలా ఏడుపందుకుంది. రెండు చాక్లెట్లిస్తే గానీ ఆపలేదు.