మూడు కిలోల బియ్యం

పాత నేతచీర ముక్కలో మూడు కిలోల బియ్యం పోసి మూట కట్టారు. దాని పైన ఇంకో చిన్న మూట కుట్టారు. అది తల. ఆ తల వాలిపోకుండా ఎడమ మోచేతి మడతలో ఇరికించుకుని, కుడిచేత్తో ఒళ్లు తుడవడం నేర్చుకుంటోంది ఆ అమ్మాయి. ఆమెకు ఏడో నెల. కుడిచేతి వేళ్లకు మూడేళ్లుగా స్పర్శ సరిగా తెలియదు. మూట రెండుసార్లు జారింది. రెండోసారి నేలమీద పడ్డ బియ్యం చప్పుడుకి గదిలో ఉన్న నలుగురం ఒక్కసారి ఊపిరి బిగబట్టాం.

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల బోర్డుల మధ్య ఒక మేడమీది గది అది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక్కతే నడుపుతోంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉండి గర్భం దాల్చిన ఆడవాళ్ల గురించి రాయమని, డాక్టర్ల ఇంటర్వ్యూలు వద్దు, మనుషుల్ని చూసి రండని మా ఎడిటర్ గారు పంపించారు. ఆయన పంపకపోయినా ఎప్పుడో ఒకప్పుడు వెళ్లేదాన్ని. మా చెల్లెలికి ఈ జబ్బుంది. పదిహేనేళ్ల కిందట ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టరు చీటీ మీంచి తల ఎత్తకుండానే "పిల్లల మాట మర్చిపోండమ్మా" అన్నాడు. ఎందుకని మేం అడగలేదు. అడగాలని కూడా తెలియలేదు. చెల్లెలు మర్చిపోయే ప్రయత్నంలోనే నలభై దాటింది.

ఆ మాట అనేనాటికే తప్పు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీది తొడుగును తినేయడం ఈ జబ్బు. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువగా బయటపడేది ఇరవై, నలభై ఏళ్ల మధ్య. అంటే పెళ్లీ, పిల్లలూ, ఉద్యోగమూ అన్నీ కలిసొచ్చే వయసు. 12 యూరప్ దేశాల్లో ఈ జబ్బున్న 254 మంది తల్లుల్ని వెంట ఉండి గమనించిన అధ్యయనం 1998లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. గర్భానికి ముందు ఏడాదికి సగటున 0.7గా ఉన్న, జబ్బు తిరగబెట్టే అటాక్‌ల రేటు గర్భంలోని ఆఖరి మూడు నెలల్లో 0.2కి పడిపోయింది. కడుపులో ఉన్న బిడ్డలో సగం తండ్రిది. ఆ పరాయి సగాన్ని తరిమేయకుండా తల్లి ఒళ్లు తన కత్తిని ఒరలో పెట్టుకుంటుంది. ఆ కత్తికి బలయ్యే నరాలకు కూడా ఆ ఆఖరి నెలల్లో కాస్త తెరిపి.

కానీ బిడ్డ బయటికొచ్చాక తొలి మూడు నెలల్లో ఆ రేటు 1.2కి ఎగిసింది. తర్వాత మళ్లీ పాత స్థాయికి దిగింది. అందరికీ అటాక్ రాలేదు. పది మందిలో ఏడుగురికి ఆ మూడు నెలలూ క్షేమంగానే గడిచాయి. పాలివ్వడం వల్ల గానీ, నడుముకిచ్చే ఎపిడ్యూరల్ మత్తు వల్ల గానీ ముప్పు పెరగలేదు. ఇంత స్పష్టంగా ఉన్న సంగతి మా చెల్లెలి దాకా ఎందుకు రాలేదన్న కోపం ఆ మెట్లెక్కేటప్పుడూ ఉంది, దిగేటప్పుడూ ఉంది.

వరండాలో ఆ అమ్మాయి తల్లి ఎవరితోనో అంటోంది: "నరాల డాక్టరు గారేమో కాన్పు డాక్టరమ్మనడగమంటారు. ఆవిడేమో, మీ నరాల డాక్టరేమన్నారో రాయించుకు రమ్మంటుంది. రెండు ఫైళ్లు మోసుకుని తిరగటమే. ఆ ఇద్దరూ ఒక్కసారి ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదమ్మా!"

నేను రాసుకొచ్చిన ప్రశ్నలన్నిటి కంటే ఆ ఒక్క మాటే పెద్దది. అదృష్టం కొద్దీ ఈ అమ్మాయిని మొదట్లో చూసిన డాక్టరు "పిల్లల గురించి ఏమనుకుంటున్నారు?" అని అడిగారట. అప్పుడామె ఈ జబ్బుకిచ్చే టెరిఫ్లునమైడ్ మాత్రలు వాడుతోంది. గర్భిణులకు అవి పనికిరావు. మానేసినా రెండేళ్ల దాకా ఒంట్లో నిలిచి ఉండగలవు. అందుకే వాటిని ఆపించి, 11 రోజులు ఒక పొడిని నీళ్లలో కలిపి తాగించి, మందు వదిలిందని రక్తపరీక్షలో తేలాకే సరే అన్నారు. ఆ ప్రశ్న అడక్కపోతే? పెళ్లీడు పిల్లకు ఈ మాత్రలు రాసే ప్రతి చోటా ఈ ప్రశ్న అడగాలి. అదేం పెద్ద చదువు కాదు.

లోపల ఫిజియో అమ్మాయి నీళ్ల బేసిన్ పెట్టింది. "వేళ్లను నమ్మొద్దు. మోచెయ్యి ముంచి చూడు," అంది. వేళ్లకు తెలియని వేడి మోచేతికి చురుక్కుమంది. ఆ అమ్మాయి నవ్వింది. తర్వాత మూటను నిలబడి ఎత్తబోయింది. కుడికాలు కాస్త ఈడుస్తుంది, తూలింది. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న తల్లి లోపలికొచ్చింది.

"ఆగండి మేడమ్, నేను చూపిస్తా."

చీర కుచ్చిళ్లు పైకి దోపి, పీట మీద కూర్చుని రెండు కాళ్లూ చాపింది. మూటను పిక్కల మీద పడుకోబెట్టింది, తల పాదాల వైపు. ఎడమ అరచెయ్యి ఛాతీ మీద ఆనించింది. కుడిచేత్తో చెంబు వంచి, కంట్లో పడకుండా నుదుటి దగ్గర చేతిని అడ్డం పెట్టి నీళ్లు పోసింది. మెడ కింద, చంకల్లో, తొడల మడతల్లో బొటనవేలు ఆగి ఆగి కదిలింది. ఒక్కసారి ఒడుపుగా తిప్పి బోర్లా వేసి, వీపున పోసింది. నీళ్లు కారిపోతున్న బియ్యపు మూటను చూస్తూ, దానికి ఊపిరాడుతోందా అని నాకు అనుమానం వచ్చింది. ఆ చేతులు అలా ఉన్నాయి.

ఫిజియో అమ్మాయి పక్కన గొంతుక్కూర్చుని ప్రతి కదలికనూ చూసింది. "ఇదే కావాలి. బిడ్డ బరువు కాళ్లే మోస్తున్నాయి. జారినా జానెడు ఎత్తు నుంచే. చేతుల పట్టుతో పనేముంది!" అంది. వెంటనే నోట్‌బుక్కులో బొమ్మ గీసుకుంది. ఇంటింటికీ వచ్చి నీళ్లు పోసే అవ్వల విద్య ఇది. ఆ అవ్వలు ఇప్పుడెంతమంది ఉన్నారు? వాళ్లు పోతూ పోతూ ఎవరికి నేర్పారు?

అలాగని పాతదంతా భద్రంగా దాచుకోమనడం లేదు. "నేను మరిగే నీళ్లే పోస్తా బాలింతకి, సాంబ్రాణి వేస్తా, గాలి తగలనివ్వను," అని తల్లి అనగానే ఫిజియో అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. "అదొక్కటీ వద్దు పెద్దమ్మా." ఒంటి వేడి పెరిగితే దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు ఇంకా నెమ్మదిస్తాయి. చూపు మసకేస్తుంది, కాళ్లు బరువెక్కుతాయి. ఒళ్లు శ్రమపడితే ఇలా చూపు మసకేయడాన్ని జర్మన్ కంటి డాక్టరు విల్హెల్మ్ ఊథాఫ్ 1890లోనే రాసిపెట్టాడు, దానికి కారణం వేడి అని తర్వాత తేలింది. చల్లబడితే తగ్గిపోయే ఇబ్బందే, జబ్బు ముదిరినట్టు కాదు. కానీ కిటికీలు మూసిన గదిలో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, మరిగిన నీళ్లు పోయించుకుని కళ్లు కనబడడం లేదంటున్న పిల్లను "బాలింత వాతం" అని ఇంకో దుప్పటి కప్పి పడుకోబెట్టిన ఇళ్లు నాకు తెలుసు. నిజమైన అటాక్‌ను కూడా అలాగే కప్పేస్తారు. రోజు దాటినా చూపు తేరుకోకపోతే స్టెరాయిడ్ సెలైన్ ఎక్కించాల్సిన అటాక్ కావచ్చు. పథ్యం మార్చుకుంటూ ఇంట్లో కూర్చునే వేళ కాదది.

ఆశా కార్యకర్త ప్రసవమయ్యాక 42వ రోజు దాకా ఇంటికొచ్చి బిడ్డను తూస్తుంది, జ్వరం చూస్తుంది. ఈ జబ్బుతో ముప్పు మూడు నెలలు. ఆమెను ఇంకో ఏడు వారాలు రమ్మని, "కళ్లు బాగా కనబడుతున్నాయా? కాలు తడబడుతోందా?" అని రెండు ప్రశ్నలు తల్లిని కూడా అడగమంటే చాలు. కడుపుతో ఉన్నన్నాళ్లూ గాజులు తొడిగి, పసుపు రాసి నెత్తిన పెట్టుకుంటాం. ఆ నెలల్లో, ముఖ్యంగా చివర్న, జబ్బు చాలావరకు తనంతట తానే పడుకుని ఉంటుంది. అది లేచే రోజుల్లో మన చూపంతా ఉయ్యాల మీద ఉంటుంది. తల్లి ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా ఉందో ఎవరికీ లెక్క ఉండదు.

రాత్రుల లెక్క ఆ గదిలోనే తేలాలని ఫిజియో అమ్మాయి పట్టుబట్టింది. "రాత్రి పూట పాలు తనే ఇస్తుంది, పక్క మీద పడుకునే. మిగతాదంతా ఇంకొకరు చెయ్యాలి. ఎవరు?" పడుకుని ఇస్తే పాలు చెవిలోకి పోతాయని తల్లి మొదలుపెట్టి, తనే ఆపేసి, వేళ్లు మడవసాగింది.

"మొదటి నెల నేను. రెండో నెల మా చెల్లెలొస్తానంది, తెనాలి నుంచి. మూడో నెల..."

మూడో వేలు మడవలేదు. నీళ్లోడుతున్న మూట ఇంకా ఆమె కాళ్ల మీదే ఉంది.

"ఆయన సెలవు పెడతానన్నారమ్మా," అంది కూతురు.

"ప్రైవేటు కంపెనీలో మగాడికి నెల సెలవు ఎవరిస్తారే?"

ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. వంగి తల్లి కాళ్ల మీంచి మూటను తీసుకుంది, ఈసారి కూర్చునే. తలను మోచేతి మడతలోకి చేర్చుకుని, తడి కారుతున్న చోట కొంగుతో ఒత్తడం మొదలుపెట్టింది.