వేగంలో ఓడి, కుర్చీతో నెగ్గి

నగోయా నుంచి ఒసాకాకు షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో 50 నిమిషాలు. అదే ఊరికి కింటెత్సు అనే ప్రైవేటు రైల్వే నడిపే ‘హినోతోరి’ ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటలు దాటుతుంది. అయినా పగలంతా గంటకొకటి చొప్పున ఆ బండి బయల్దేరుతూనే ఉంటుంది. రెట్టింపు కన్నా ఎక్కువసేపు పట్టే బండి ఎవరిక్కావాలి? అది చూద్దామనే టికెట్ కొన్నాను. అన్నీ కలిపి సుమారు 5 వేల యెన్లు, షింకాన్‌సెన్ కన్నా తక్కువే.

నగోయాలో కింటెత్సు స్టేషను నేల కింద ఉంది. లోహపు మెరుపుతో ముదురెర్రని బండి వచ్చి నిలిచింది. 2020 మార్చి 14న మొదలైన ఈ రైళ్లు 6 పెట్టెలవీ ఉన్నాయి, 8 పెట్టెలవీ ఉన్నాయి. 1,500 వోల్టుల డీసీ కరెంటుతో నడుస్తాయి, గరిష్ఠ వేగం గంటకు 130 కిలోమీటర్లు.

నాది మామూలు తరగతి. కూర్చోగానే అర్థమైంది, ఈ బండి గుట్టంతా కుర్చీలోనే ఉందని. జపాన్‌లో సీటు వాల్చే ముందు వెనకవాళ్లను ఒకమాట అడగడం మర్యాద. మొహమాటపడి నిటారుగానే కూర్చుండిపోయేవాళ్లూ ఉంటారు. మన నైట్ బస్సుల్లో అడగకుండా వాల్చేస్తాం, ఆపైన గొడవపడతాం. ఇక్కడ ప్రతి సీటు వెనకా గట్టి డొప్ప ఒకటి బిగించారు. ఎంత వాల్చినా సీటు ఆ డొప్పలోపలే జారుతుంది, వెనకవాళ్ల మోకాళ్ల జోలికి రాదు. నా ముందాయన హాయిగా వాలిపోయాడు. ఆ సంగతి నాకు తెలియనే లేదు. వరసకీ వరసకీ మధ్య 116 సెంటీమీటర్లు. షింకాన్‌సెన్‌లో ఎక్కువ డబ్బు పెట్టి కొనే గ్రీన్ కార్‌లోనూ అంతే ఎడం. రెండు కొసల్లోని ప్రీమియం పెట్టెల్లో అది 130 సెంటీమీటర్లు, నేల మామూలు పెట్టెల కన్నా 72 సెంటీమీటర్లు ఎత్తు. కుదుపు తెలియకుండా అక్కడ ప్రత్యేక సస్పెన్షన్ కూడా పెట్టారు.

బండి ఊరు దాటగానే కిసో, నగరా, ఇబి నదులు వరసగా వచ్చాయి. ఈ లైను కథ ఇక్కడే మలుపు తిరిగింది. ఒకప్పుడు నగోయా వైపు పట్టాల వెడల్పు 1,067 మిల్లీమీటర్లు, ఒసాకా వైపు 1,435. ప్రయాణికులు ఇసే నకగావాలో దిగి బండి మారాల్సి వచ్చేది. మీటరుగేజి రోజుల్లో గుంతకల్లులో సామాన్లతో పరుగెత్తినవాళ్లకు ఈ అవస్థ వేరే చెప్పక్కర్లేదు. 1959 సెప్టెంబరులో ఇసే అఖాతపు తుపాను 5 వేలకు పైగా ప్రాణాలు తీసి, ఈ లైనునూ ముంచేసింది. అప్పటి కంపెనీ అధ్యక్షుడు సాయెకి ఇసాము పాత పట్టాలనే మళ్లీ వేసి, తర్వాత తీయడం దండగన్నాడు. ముందే అనుకున్న గేజి మార్పును ఆ మరమ్మతుతోపాటే చేయించాడు. నవంబరు 27 నాటికి పని పూర్తయింది. డిసెంబరులో బండి మారే పనిలేని రైళ్లు మొదలయ్యాయి.

ఆ సంబరం ఐదేళ్లే. 1964లో షింకాన్‌సెన్ వచ్చింది, జనం అటు మళ్లారు. నగోయా, ఒసాకాల మధ్య కింటెత్సు ఎక్స్‌ప్రెస్‌లు రెండు పెట్టెలకు కుదించుకుపోయిన రోజులున్నాయి. వేగంలో ఎలాగూ గెలవలేమని తేలాక, కంపెనీ పట్టు సౌకర్యం మీదకు మారింది. 1988 నాటి అర్బన్ లైనర్ ఆ దారిలో ఒక మెట్టు, హినోతోరి తర్వాతి మెట్టు.

త్సు స్టేషను దాటాక ఇసే నకగావా దగ్గర బండి బాగా నెమ్మదించి వంపు తిరిగింది. ఆ స్టేషన్లోకి వెళ్లి దిశ మార్చుకునే బాధ తప్పించడానికి 1961లో వేసిన అడ్డదారి అది. ఆపైన కొండలు, 1975లో తెరిచిన 5,652 మీటర్ల కొత్త అవోయామా సొరంగం. నేను లేచి బండి చివరి పెట్టెకెళ్లి, అప్పటికప్పుడు గింజలు నూరి ఇచ్చే మిషన్లో కాఫీ పట్టుకొచ్చుకున్నాను. పక్క సీటాయన ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటున్నాడు. సీటు దగ్గరే ప్లగ్గు, ఒళ్లో బల్ల. ఆ రెండు గంటలు ఆయన లెక్కలో వృథా కాదు.

బండి నేల కిందకు దిగి నంబాలో ఆగింది. షింకాన్‌సెన్ ఆగే షిన్ ఒసాకా స్టేషను నగరానికి ఉత్తరాన ఉంది. దక్షిణ ఒసాకాలో పనున్నవాళ్లు అక్కడ దిగి మెట్రో పట్టుకోవాలి. హినోతోరి మాత్రం అంగళ్లూ, హోటళ్లూ, నాటకశాలలూ ఉన్న నంబా నడిబొడ్డునే దింపుతుంది. 50 నిమిషాల లెక్క స్టేషను నుంచి స్టేషనుకే. ఇంటి గుమ్మం నుంచి పని గుమ్మం దాకా లెక్కేసుకునేవాళ్లున్నంత కాలం ఈ ఎర్రబండికి గిరాకీ ఉంటుంది.